తీరం దాటుతుందన్న మాట

సాయంత్రం కింద వాటాలో ఉండే ఇంటావిడ మెట్ల దగ్గరికి వచ్చి పైకి కేకేసింది. టీవీలో చెప్పారట, వాయుగుండం బాపట్ల దగ్గర తీరం దాటిందట, ఇక భయపడే పని లేదట. సరేనండి అన్నాను. ఆవిడ మంచి మనిషి. నాకు భయమని కనిపెట్టి రోజూ ఏదో ఒక ధైర్యం చెబుతూనే ఉంటుంది.

భయం మాత్రం పోలేదు. ఇప్పుడు ఇంట్లో ఉన్నది నేనూ, నిద్రపోతున్న మా పాపే. దాని నాన్నకు ఈ వారం రాత్రి డ్యూటీ. తెనాలి మీద వాన సన్నగా పడుతూనే ఉంది. ఫోనులో వచ్చే ఏడు రోజుల వాతావరణం చూస్తే రోజుకో మబ్బు బొమ్మ, కొన్నింటి కింద చుక్కలు. గురువారం వాన అని ఉంటే పాపకు జ్వరం వస్తుందేమోనని బుధవారం నుంచే నుదురు పట్టి చూస్తుంటాను. కొత్తగా తల్లివయ్యావు గదా, పోనుపోను అదే తగ్గుతుందిలే అంటారు అందరూ.

వాళ్ళకు తెలియదు గానీ, వాతావరణం గురించి కంగారుపడడం పాప పుట్టాక నాకు పట్టిన జబ్బు కాదు. అది నా చిన్నప్పుడు బాపట్లలో, మా తాతయ్య ఇంట్లో మొదలైంది. తీరం దాటిందన్న మాట ఎక్కడ విన్నా నాకు ఆ ఇంట్లో గడిచిన ఒక శనివారం గుర్తొస్తుంది.

నాన్న నాకు గుర్తు లేరు. నేను నడక నేర్చేలోపే పోయారు. అమ్మకు రేపల్లె అవతల, కృష్ణ ఒడ్డున ఒక లంక ఊళ్ళో టీచరుగా ఉద్యోగం వచ్చింది. రేపల్లెలో బస్సెక్కాలి, బస్సు దిగాక పడవ ఎక్కాలి. అక్కడ ఇంకొక టీచరుతో కలిసి ఒకే గదిలో ఉండేది. పిల్లను పెట్టుకునే వీలు లేక నన్ను అమ్మమ్మ దగ్గర ఉంచింది. శనివారం బడి వదిలాక బయలుదేరి, రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో మారి, దీపాలు పెట్టే వేళకు బాపట్ల చేరేది. ఆదివారం సాయంత్రం మళ్ళీ వెళ్ళిపోయేది. పెద్ద వాన పడితే లంకకు పడవ వేసేవాళ్ళు కాదు. అప్పుడు అమ్మ ఆ ఒడ్డునే ఆగిపోయేది. ఇంకో వారం దాకా నాకు అమ్మ లేదు.

తాతయ్య హైస్కూల్లో సైన్సు మేస్టారుగా చేసి రిటైరయ్యారు. మా లూథరన్ చర్చిలో సంఘపెద్ద. ఆదివారం ఆరాధన చివర, అయ్యగారు దీవెన ఇచ్చే ముందు, ప్రకటనలు చదవడం ఆయన పని. ఫలానా వారి ఇంట్లో పెళ్ళి, స్త్రీల సమాజం ఫలానా రోజు, చర్చికని రోజూ తీసిపెట్టే పిడికిలి బియ్యం సంచులు ఇంకా ఇవ్వనివాళ్ళు ఇవ్వాలి. ఇవన్నీ అయ్యాక కళ్ళజోడు పైకి తోసుకుని "చివరగా వాతావరణం" అనేవారు. అంతవరకూ పిల్లల్ని సముదాయించుకుంటున్న తల్లులూ, గోడకానుకుని కునుకు తీస్తున్న ముసలివాళ్ళూ సర్దుకుని కూర్చునేవారు. మా సంఘంలో సగం మంది కర్లపాలెం వైపు పొలాల్లోకి కూలికి వెళ్ళేవాళ్ళే. ఏ రోజు నాట్లు ఉంటాయో, ఏ రోజు కోత ఆగుతుందో, ఏ రోజు పొయ్యి వెలగదో ఆ నాలుగు ముక్కల్లో ఉండేది.

శనివారం రాత్రి రేడియో దగ్గర చెవి పెట్టి, పేపరు చూసి, తనకు తోచింది కూడా కలిపి తాతయ్య ఒక కాగితం మీద రాసుకునేవారు. చెప్పినట్టు జరగకపోతే జనం ఊరుకునేవారు కాదు. చర్చి మెట్లు దిగుతుంటే ఒకాయన చేతులు కట్టుకుని, "మేస్టారూ, మీరు చెప్పిన వాన అద్దంకి పోయిందంటండి, అడ్రసు సరిగా ఇవ్వలేదా ఏంటి?" అన్నాడు. తాతయ్య నవ్వి, "ఇచ్చానయ్యా, పోస్టుమేన్ కొత్తవాడు" అన్నారు.

ఆయన వారమంతా చదివేవారు. నేను ఒక్క శనివారం కోసమే వినేదాన్ని. "అక్కడక్కడా ఒక మోస్తరు వర్షాలు" అని వస్తే నాకు ప్రాణం విలవిల్లాడేది. అక్కడక్కడా అంటే ఎక్కడ తాతయ్యా, రేపల్లె అక్కడా, ఇంకో అక్కడా అని అడిగేదాన్ని. అక్కడ అంటే ఎక్కడో తెలిస్తే వాళ్ళు అక్కడక్కడా అని ఎందుకంటారే పిచ్చితల్లీ అనేవారు.

సాయంత్రాలు అరుగు మీద కూర్చోబెట్టుకుని అన్నీ వివరంగా చెప్పేవారు. వేసవిలో చీకటి పడుతుండగా సముద్రం మీంచి పైరగాలి ఎందుకు వస్తుందో చెప్పడానికి అమ్మమ్మ అట్లపెనాన్నీ నీళ్ళబిందెనూ ఎండలో పెట్టించారు. నేల పెనం లాంటిది, తొందరగా కాలిపోతుంది. సముద్రం బిందె లాంటిది, మెల్లగా కాగుతుంది. కాలిన నేల మీది గాలి పైకి పోతే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. పెనం మీద వేలు పెట్టి చూసి నేను ఏడ్చాను. అమ్మమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టింది. తాతయ్య నా చెవిలో, "మీ అమ్మమ్మకి మూడో నంబరు ఎగరేశారు" అన్నారు. గాలివాన వచ్చేముందు నిజాంపట్నం రేవులో ఎగరేసే ప్రమాద సూచిక అది. మర్నాడు నేను అమ్మమ్మ ఎర్ర తువ్వాలు తీసుకెళ్ళి దండెం కర్రకు కట్టాను. పాలుపోసే ఆమె ఎందుకని అడిగితే, ఇంట్లో తుపాను ఉంది, లోపలికి రావద్దు అని చెప్పాను. ఆ రోజు నాకు టిఫిన్ ఆలస్యంగా దొరికింది.

అల్పపీడనం గురించి కూడా ఆ అరుగు మీదే విన్నాను. ఒకచోట గాలి పలచబడితే, చుట్టూ ఉన్న గాలి ఆ లోటు పూడ్చడానికి పరుగెత్తుకొస్తుంది. నేరుగా రాలేక చుట్టు తిరుగుతూ వస్తుంది. మజ్జిగ గ్లాసులో చెంచా తిప్పి సుడి చూపించారు. కానీ మా సంఘంలో ముసలమ్మలకు పీడన అంటే బైబిల్లో ఉన్న పీడనే. తాతయ్య అల్పపీడనం అని చదవగానే ఒకావిడ కళ్ళు మూసుకుని, ప్రభువా ఈ అల్పమైన పీడన నుండి నీ బిడ్డల్ని తప్పించు అని గట్టిగా ప్రార్థన మొదలుపెట్టేది. అంతా ఆమేన్ అనేవారు. తాతయ్య కూడా అనేవారు. ఆ మాటను ఆయన ఎప్పుడూ సరిదిద్దలేదు. అర్థం తప్పినా ప్రార్థన సరైనదే గదా అనేవారు.

అమ్మ వరసగా రెండు వారాలు రాని రోజులవి. మొదటి వారం వాన. రెండో వారం పరీక్ష పేపర్లు దిద్దే పని. ఆ ఆదివారం తాతయ్యకు జ్వరం. కాగితం మాత్రం రాసి పంపారు. ఇంకో సంఘపెద్ద దాన్ని గబగబా చదివేశాడు. బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడుతోంది, వారాంతానికి మన తీరం దాటే అవకాశం ఉంది. అంతే. తాతయ్య అయితే ఆగి రెండు ముక్కలు విడమరిచి చెప్పేవారు. ఈయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

దాటుతుందట అని అంతా ఊపిరి పీల్చుకున్నారు. కాలవ దాటినవాడు కాలవ వదిలినట్టు, తీరం దాటింది తీరం వదిలి పోతుంది. తెలుగు వచ్చినవాళ్ళెవరికైనా అదే తోస్తుంది. మా ఇంటికి చేపలు తెచ్చే ఆమె ఆ మాటను ఇంకా గట్టి చేసింది. ఆమెది వాడరేవు. చీరాలలో పొద్దుటి రైలెక్కి గంపతో వచ్చేది. సముద్రంలోకి ఎవరూ పోవడం లేదని ఆ వారం ఎండు నెత్తళ్ళే తెచ్చింది. "దాటనీండమ్మా, దాటిందంటే మా పీడ పోయినట్టే. మావోళ్ళు మళ్ళా వేటకి పోతారు" అంది. ఆమె మాట నిజమే. సముద్రం మీద బతికేవాళ్ళకు గాలివాన ఒడ్డెక్కితే సముద్రం ఖాళీ అవుతుంది. నేల మీద ఉన్న మా అమ్మమ్మ దాన్ని తనకు కూడా వర్తింపజేసుకుంది.

గురువారం మా వీధి చివర మందుల షాపుకు అమ్మ ఫోను చేసింది. షాపతను కబురు పెడితే అమ్మమ్మ నన్ను వెంటపెట్టుకుని వెళ్ళింది.

"శనివారానికి తీరం దాటిపోద్దంటమ్మా. చర్చిలో చదివారు. నువ్వు వచ్చెయ్. పిల్ల కళ్ళల్లో ఒత్తులేసుకుని చూస్తంది."

అవతల కాసేపు ఏమీ వినబడలేదు. అమ్మమ్మ హలో హలో అంది. తర్వాత అమ్మ వస్తానన్నదట. ఫోను నా చెవికి పెట్టేసరికి అందులో గాలి చప్పుడు ఒక్కటే ఉంది.

శుక్రవారం జ్వరం తగ్గి తాతయ్య రేడియో పెట్టుకున్నారు. వింటూ వింటూ ఇటు తిరిగి, అమ్మాయిని రేపు రావద్దని చెప్పు అన్నారు. రమ్మని చెప్పానుగా, దాటిపోద్దన్నారుగా అంది అమ్మమ్మ. తాతయ్య మంచం మీద లేచి కూర్చున్నారు. ఆయన గొంతు పెంచి మాట్లాడడం నేను అప్పుడే విన్నాను.

"దాటడమంటే పోవడం కాదే. సముద్రంలోంచి మన మీదికి రావడం."

అమ్మమ్మ చేతిలో జల్లెడ అలాగే ఉండిపోయింది. ఇద్దరూ మందుల షాపుకు వెళ్ళారు. లైన్లు పోయాయి.

శనివారం పొద్దున కాకి అరుపు లేదు. ఈశాన్యం నుంచి గాలి, దానితో పాటు ముసురు. పది గంటలకల్లా కొబ్బరి మట్టలన్నీ ఒకే వైపుకు తిరిగాయి. పెంకులు ఒక్కొక్కటే లేచి పెరట్లో పడుతున్నాయి. అమ్మమ్మ జావ కాచి, ఎండు నెత్తళ్ళు వేయించి, మా ఇద్దర్నీ లోపలి గదిలో కూర్చోబెట్టింది. రేడియోలో రైళ్ళు ఎక్కడివక్కడ ఆపేశారని చెప్పారు. అమ్మ తెనాలిలో ఆగిందా, దారిలో ఉందా, అసలు బయలుదేరిందా అని తాతయ్య తనలో తాను అనుకుంటున్నారు. నేను పిలిచానయ్యా దేవుడా, నేనే పిలిచాను అని అమ్మమ్మ గొణుగుతోంది. నేను ఏడవలేదు. చిన్నపిల్లను గదా, రైలు ఆగితే అమ్మ దిగి నడిచి వస్తుందనుకున్నాను.

మధ్యాహ్నం దాటాక, ఎవరో స్విచ్చి నొక్కినట్టు గాలి ఆగిపోయింది. వాన కూడా ఆగింది. మబ్బుల మధ్య నుంచి వెలుగు వచ్చింది. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. జనం బయటికి వచ్చి పడిన చెట్లు చూసుకుంటూ, హమ్మయ్య, పోయింది పోయింది అనుకుంటున్నారు. తాతయ్య గుమ్మంలోకి వెళ్ళి, ఇది తుపాను కన్ను, ఇంకో సగం ఉంది, లోపలికి పోండి అని అరుస్తున్నారు. సుడి నడుమ గాలి ఉండదు, అది మన మీంచి జరిగిపోగానే గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. ఆయన మాట ఎవరూ వినిపించుకోలేదు. ఎదురింటాయన పెంకులు సర్దడానికి నిచ్చెన వేసుకుంటున్నాడు.

అప్పుడు స్టేషను రోడ్డు వైపు నుంచి ఒక మనిషి పరుగెత్తుకుంటూ రావడం కనిపించింది. వీధిలో అందరూ నింపాదిగా నిలబడి ఉన్నారు. ఆ ఒక్క మనిషే చీర కుచ్చిళ్ళు చేత్తో పైకెత్తి పట్టుకుని, పడిన కొమ్మల మీంచి దూకుతూ, చెప్పులు లేని కాళ్ళతో పరుగెడుతోంది.

అమ్మ లోపలికి వచ్చీ రావడంతోనే తలుపు వేసి గడియ పెట్టింది. ఊపిరి అందడం లేదు.

"నాన్నా, బల్ల అడ్డం పెట్టండి. ఇంక నైరుతి నుంచి వచ్చిద్ది."

బల్ల జరిపి పెట్టేసరికి వచ్చింది. ఇందాకటి కంటే గట్టిగా, ఇందాకటికి ఎదురు వైపు నుంచి. ఎదురింటాయన నిచ్చెన దిగాడో లేదో మాకు మర్నాటి దాకా తెలియదు. దిగాడు.

ఆ రొదలో అమ్మమ్మ అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. నాకు తెలియక రమ్మన్నానే, దాటడమంటే పోవడమనుకున్నానే అంది. అమ్మ చెంగుతో తల తుడుచుకుంటూ, నిన్న సాయంత్రమే లంకలో పడవెక్కి రాత్రి తెనాలి స్టేషన్లో పడుకున్నాననీ, పొద్దున వచ్చిన చివరి రైలు తనదేననీ, ఇంతసేపూ స్టేషన్లోనే ఉన్నాననీ చెప్పింది. గాలి ఆగగానే అంతా టీ కోసం వెతుక్కుంటున్నారట. తను ఒక్కతే బయటికి పరుగెత్తిందట. తర్వాత అంది.

"దాటడమంటే ఏంటో నాకు తెలీదా అమ్మా? నేనీయన కూతుర్ని గదా."

"తెలిసి కూడా ఎందుకు బయల్దేరావు?" తాతయ్య గొంతులో ఇంకా కోపం ఉంది.

అమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుంది. "అది ఇటు వచ్చిద్దని తెలిశాక అక్కడ కూర్చోవడం నా వల్ల కాలేదు నాన్నా."

ఇల్లంతా ఊగుతోంది. తడిసిన జుట్టు వాసన, చీరకు అంటిన రైలు ఇనుము వాసన, నన్ను బిగించి పట్టుకున్న చేతులు. ఊళ్ళో ఎన్ని కప్పులు లేచిపోయాయో, కోతకొచ్చిన చేలు ఎన్ని నీళ్ళలో పడుకున్నాయో నాకు తర్వాత తెలిసింది. ఆ పూట మాత్రం నా అంత సుఖంగా ఉన్న మనిషి బాపట్లలో ఇంకొకరు ఉండి ఉండరు.

మర్నాడు చర్చిలో నేలంతా నీళ్ళు. జనం నిలబడే ఆరాధన చేశారు. ప్రకటనల దగ్గర ఒకాయన లేచి, దాటిపోద్దని రాశారు గదండి మేస్టారూ అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, అలసిపోయి అన్నాడు. ఆ రోజు నుంచి తాతయ్య తన కాగితంలో తీరం దాటుతుందని రాయడం మానేశారు. "మన ఊళ్ళోకి వస్తుంది" అని రాసేవారు. రేడియోవాళ్ళు ఎలా చెబితే ఏంటి, మనవాళ్ళకు చెప్పాల్సింది ఇది అనేవారు.

పట్టాల మీద చెట్లు పడి రైళ్ళు కొన్నాళ్ళు నడవలేదు. అమ్మ ఉండిపోయింది. పెరట్లో అరటి చెట్లన్నీ పడిపోతే ఊరంతా అరటి దూట కూరే తింది. అమ్మ దూట తరుగుతూ వేలికి పీచు చుట్టుకుంటుంటే నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. పొద్దున్నే నాకు జడ వేసేది. బడి లేదు. సాయంత్రం అరుగు మీద తాతయ్య పక్కన అమ్మ కూడా కూర్చునేది. వాళ్ళిద్దరూ మబ్బుల గురించి మాట్లాడుకుంటే, అమ్మ కూడా ఒకప్పుడు నాలాగే ఆ అరుగు మీద అడిగిన పిల్లేనని నాకు మొదటిసారి తెలిసింది. అమ్మ ఇక వెళ్ళదని నేను గట్టిగా నమ్మాను. అంత గాలివానలో వచ్చిన మనిషి మళ్ళీ ఎందుకు వెళుతుంది?

రైళ్ళు మొదలయ్యాయని తెలిసిన సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నా వంతు వచ్చింది. రోజూ చెప్పేవి చెప్పి, ప్రభువా, ఇంకో అల్పపీడనం పంపించు, ఆమేన్ అన్నాను. అమ్మమ్మ కళ్ళు తెరిచి నా తొడ మీద ఒకటి వేసింది. తాతయ్య ఆమేన్ అనలేదు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపటికి గిన్నెల చప్పుడు వినిపించింది.

మర్నాడు పొద్దున స్టేషనుకు అందరం వెళ్ళాం. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఎక్కడా మబ్బు తునక లేదు. ఈ వారమంతా పొడిగా ఉంటుందని తాతయ్య అలవాటు కొద్దీ అన్నారు. అమ్మ ఎప్పుడూ ప్లాట్‌ఫారం వైపు కిటికీ దగ్గర కూర్చుని, రైలు కదిలే దాకా కమ్మీల్లోంచి నా వేళ్ళు పట్టుకునేది. ఆ రోజు పెట్టెలోకి ఎక్కి నేరుగా అవతలి కిటికీ దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి కూర్చుంది. నాకు జడ, వీపు కనిపించాయి. పిలిచాను. వినపడనంత దూరమేమీ కాదు. రైలు కదిలింది.

అమ్మకు నా మీద కోపమా అని అడిగాను. "కాదే పిచ్చిదానా. ఇటు ఎండ కొడతంది గదా, అటు కూర్చుంది" అంది అమ్మమ్మ. ప్లాట్‌ఫారం వైపు అంతా నీడే ఉంది. ఎండ అమ్మ కూర్చున్న వైపే పడుతోంది. అది నేను చూశాను.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, ఆ అరుగూ లేదు. చర్చిలో ప్రకటనలు ఎవరో ఫోనులో చూసి చదువుతున్నారట, వాతావరణం మాత్రం ఎవరూ చదవరట. తాతయ్య, అమ్మమ్మ, పాపను చూడకుండానే అమ్మ, ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. ఆ కిటికీ సంగతి అమ్మను ఎప్పుడూ అడగలేదు. చాలా ఏళ్ళు అది నా మీద కోపమనే అనుకున్నాను.

పోయిన వారం పాపను కింద ఇంటావిడ చేతికిచ్చి మందులు తేవడానికి బజారుకు బయలుదేరాను. వెనక అది ఏడుపు అందుకుంది. మెట్లు దిగి వీధి మలుపు తిరిగే దాకా నేను వెనక్కి చూడలేదు. చూస్తే నా కాళ్ళు ముందుకు పడవు.